రైలు కమ్మలు

సరస్వతి ఎడమ చెవి కమ్మ పోయింది ఆషాఢంలో ఒక బుధవారం నాడు.

పొద్దున రిక్షాలో దవాఖానకు తీసుకుపోతున్నప్పుడు రెండు చెవులకూ కమ్మలున్నాయి. అది నాకు బాగా గుర్తు. జ్వరంలో తల అటూ ఇటూ తిప్పుతుంటే అవి నా మోచేతికి గుచ్చుకున్నాయి. మధ్యాహ్నం మూడింటికి పిల్లను మళ్ళీ నా చేతుల మీదికి తీసుకున్నప్పుడు కుడి చెవికి మాత్రమే ఉంది.

నా భార్య అనసూయ మంచం కింద వెతికింది. వరండా అంతా వంగి వెతికింది. నర్సమ్మలు కూడా వెతికారు. బయటికి వచ్చాక రిక్షా మెత్త ఎత్తి చూసింది. ఇంటికి పోదామన్నాను.

"ఒక్క నిమిషం ఆగుండ్రి" అన్నది.

ఆగాను. దొరకలేదు. అప్పుడు సరస్వతికి పదకొండేళ్ళు. మాకు ఒక్కతే. ఆ సంవత్సరం ఎనభై ఒకటి. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

మాది ఖిలా వరంగల్, రాతికోట లోపల. కోట గోడకు అవతల అగడ్త, ఇవతల మా వాడ. ఇంట్లో మా అమ్మ కట్టమ్మ, అనసూయ, నేను మిగిలాం. నేను వరంగల్‌లో ఒక బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. కర్మలు అయిపోయిన మూడో రోజు బడికి పోయాను. పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను. ముందు రోజు ఎక్కడ ఆపామని అడిగాను. నేను రాక పదిహేను రోజులైందని ఎవరూ చెప్పలేదు.

అనసూయ ఇంటి పని అంతా చేసేది. మాట మాత్రం మానేసింది. అన్నం పెట్టి పక్కన నిలబడేది, కావలసింది అడిగితే వడ్డించేది. ఆ మౌనం చూసి మా అమ్మ మొదట ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత తనూ మాట తగ్గించింది.

శ్రావణం చివర ఒక సాయంత్రం నేను సైకిల్ దిగేసరికి అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"కొడుకా, నీ పెండ్లాం పొద్దటి సంది చింతగింజలు నానేసింది. ఎందుకే అంటే చెప్తలేదు. తింటదా ఏంది?"

లోపలికి వెళ్ళి చూశాను. గంపెడు గింజలు గంజులో నానుతున్నాయి. పక్కన రంపపు పొట్టు కుప్ప. అనసూయ దాన్ని పాత చీర గుడ్డలో వేసి జల్లిస్తోంది. వెంట్రుకల మీద, కనుబొమ్మల మీద సన్నటి పొడి.

అప్పుడు అర్థమైంది. అనసూయ పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర. వాళ్ళ ఇంటి పక్కన బొమ్మలు చేసేవాళ్ళు ఉండేవారు. చింతగింజల అంబలిలో రంపపు పొట్టు పిసికి వాళ్ళు దేవుళ్ళ బొమ్మలు, ముఖాలు చేస్తుంటే ఈమె చిన్నప్పుడు రోజంతా అక్కడే ఉండేదట. పెండ్లయిన కొత్తలో ఒకసారి చెప్పింది. బొమ్మలు వేయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గోడ మీద బొగ్గుతో, సరస్వతి నోటుబుక్కుల అట్టల మీద పెన్సిల్‌తో వేసేది.

గూట్లో సరస్వతి డ్రాయింగ్ పుస్తకం ఉంది. బడి తెరిచినప్పుడు కొన్నాను. అందులో ఒక్క పేజీయే నిండింది. ఆ బొమ్మ వేసింది కూడా అనసూయే. పిల్ల చెప్తుంటే వేసింది. ఘన్‌పూర్‌కు పోయే ప్యాసింజరు బండి, ఇంజన్, పెట్టెలు, చివర గార్డు డబ్బా.

"అవ్వా, గివే నాకు కమ్మలు చెయ్యి. ఒక చెవుకు ఇంజన్, ఒక చెవుకు గార్డు డబ్బా" అన్నది పిల్ల తల్లితో.

"నడుమ పెట్టెలేవే?"

"నడుమ నేనే గద! నేనే రైలు."

"దసరా సెలవులల్ల చేస్త తియ్యి" అన్నది అనసూయ ఆ రోజు.

ఇప్పుడు ఆ మొదటి పేజీని చూడకుండా తిప్పి, రెండో పేజీ నుంచి మొదలుపెట్టింది. మొదట తంగేడు. కోట గోడ పక్కన ఉన్న చెట్టు దగ్గరికి పోయి, కొమ్మ తెంపకుండా నిలబడి చూసి వచ్చి వేసింది. తర్వాత గునుగు. బంతి. కట్లపువ్వు. బీరపువ్వు. ఒక్కో పువ్వును పేజీ నిండా పెద్దగా వేసేది. తర్వాత అదే పువ్వును పావలా బిళ్ళంత చేసేది. అంత చిన్నదయ్యేసరికి ఏ గీత ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది.

గింజలు నూరి, ఉడికించి, ఆ అంబలిలో పొట్టు వేసి చపాతీ పిండిలా పిసికేది. బిళ్ళలు ఒత్తి నీడలో ఆరబెట్టేది. ఎండలో పెడితే పగులుతాయి. ఆరినాక తెల్లటి సుద్ద పూత. పూత మీద ఉడుత వెంట్రుకల కుంచెతో గీత. గీత నిండా రంగు. ఇత్తడి తీగ వంచి కొక్కెం తనే చేసుకుంది.

అమ్మ మూడు రోజులు ఊరుకుంది. నాలుగో రోజు ఊరుకోలేదు.

"ఏడాది ఎల్లేదాక ఈ ఇంట్ల పండుగ లేదు, పబ్బం లేదు. బతుకమ్మ పేర్చరాదు. సొమ్ములు చేసుడేంది పిల్లా? నలుగురు జూస్తే ఏమంటరు?"

"బతుకమ్మ పేరుస్తలేనత్తా" అన్నది అనసూయ. "బొమ్మలేస్తాన."

రెండు నెలలకు ఆమె నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే. అమ్మ కూడా అది గమనించింది కాబోలు, మళ్ళీ గొంతు పెంచలేదు.

మా గోడకు ఆనుకున్న ఇల్లు యాకమ్మది. మిల్లు కార్మికుడి భార్య. ఇద్దరు ఆడపిల్లల తల్లి. మా అమ్మను పెద్దమ్మా అని, అనసూయను వదినె అని పిలిచేది. గోడ మీది నుంచే సగం వాడను పలకరించే మనిషి, ఆషాఢం నుంచి మా ఇంటి ముందు మాత్రం మెల్లగా నడిచేది. ఒకరోజు ఆగలేక లోపలికి వచ్చింది.

"వదినె, ఏందియి? అప్పాలా?"

"కమ్మలు."

"చింతగింజల కమ్మలా! మంచిగనే ఉన్నది. నాట్లకాడ ఆకలైతే చెవులకెళ్ళి తీసి బుక్కొచ్చు."

అని ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూసింది. తంగేడు. ఐదు రెక్కలు, ఒక రెక్క కొంచెం ముడుచుకుని ఉంది. యాకమ్మ నవ్వు ఆగిపోయింది. చెవి దగ్గరికి తీసుకుపోయి, గడపలో కూర్చున్న మా అమ్మ వైపు చూసి, మళ్ళీ పళ్ళెంలో పెట్టింది.

"మస్తున్నది వదినె. కని పెద్దమ్మ చూపుతోనే కొడ్తాంది నన్ను" అని వెళ్ళిపోయింది.

వాడలో మాట పాకింది. చూడటానికి వచ్చారు, మెచ్చుకున్నారు. ఎవరూ చెవికి పెట్టుకోలేదు. చావు జరిగిన ఇంట్లో పుట్టిన సొమ్ము. వాళ్ళను తప్పు పట్టలేను. ఇంకొకరి ఇల్లయితే నేనూ ఏమనేవాణ్ణో తెలియదు.

బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాసకు ముందు రోజుకు తొమ్మిది పువ్వులవి తొమ్మిది జతలు అయ్యాయి. అనసూయ వాటిని ఇత్తడి పళ్ళెంలో పేర్చి నాతో అన్నది.

"బతుకమ్మ తొమ్మిది దినాలు. ఈ తొమ్మిది దినాలల్ల ఒక్కలన్న పెట్టుకుంటే సరి. లేకుంటే పొయ్యిల ఏస్త. మళ్ళ కుంచె పట్ట."

ఆమె అన్నదంటే చేస్తుంది. కమ్మలు పొయ్యిలో పోతే నేను పెద్దగా బాధపడేవాణ్ణి కాదు. కుంచె పక్కన పెట్టిన అనసూయ మళ్ళీ ఆ మౌనంలోకి పోతే, ఈసారి ఆమెను బయటికి తెచ్చేది ఈ ఇంట్లో ఏదీ లేదు. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు.

అందుకని ఆ మరునాడే ఆమెను వెంటబెట్టుకుని చౌరస్తాలో నర్సయ్య గాజుల దుకాణానికి పోయాను. నర్సయ్య కొడుకులిద్దరూ నా దగ్గర చదివారు. లేచి స్టూలు వేశాడు. ఒక కమ్మను అరచేతిలో పెట్టుకుని తూచినట్టు ఆడించాడు.

"పనితనం మంచిగున్నదమ్మా. కని తంగేడు, గునుగు ఊరికే దొరికేటియి గద. గవి చూసి ఎవలు కొంటరు? నెమలి ఎయ్యిండ్రి. తామర పువ్వు ఎయ్యిండ్రి. ఇగో, బొంబాయి మాల్ చూడుండ్రి."

ప్లాస్టిక్ నెమళ్ళు ఒక అట్టకు వరసగా కుట్టి ఉన్నాయి. అనసూయ వాటిని శ్రద్ధగా చూసింది.

"నెమలి నా పుస్తకంల లేదన్నా."

"లేకుంటే ఎక్కియ్యిండ్రి. ఎంత సేపు?"

"నేనింక నెమలిని దగ్గరకెళ్ళి చూడలే. చూసిననాడు ఏస్త."

నర్సయ్య నా వైపు చూసి నవ్వాడు. "సార్, మీ కన్నా గట్టిగున్నరు అమ్మ." తర్వాత వేలు తడి చేసి కమ్మ అంచు మీద రుద్దాడు. వేలికి పసుపు అంటింది. "గిదో చూడుండ్రి. వార్నీష్ ఎయ్యలేదు. చెమట తగిల్తే ఖతం. వార్నీష్ ఏసి తెండ్రి, అద్దాల బీరువల పెడ్త. నెమలి లేకున్నా పెడ్త."

"వార్నీష్ యాడ దొరుకుతది?"

"దవాఖాన ఎదురుంగ రంగుల దుకాణమున్నది గద, గాడ."

అనసూయ చేయి చాపి కమ్మను వెనక్కి తీసుకుంది. నర్సయ్యకు అప్పుడు తట్టినట్టుంది. అట్టను మళ్ళీ మేకుకు తగిలిస్తూ మొహం తిప్పుకున్నాడు.

"నేను తెస్తాను" అన్నాను.

మరునాడు బడి వదిలాక పోయాను. మలుపు తిరిగితే దవాఖాన గోడ కనిపిస్తుంది. మలుపుకు ముందే సైకిల్ దిగాను. గొలుసు ఊడలేదు. అయినా వంగి గొలుసు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత సైకిల్ వెనక్కి తిప్పాను. ఆ పై రోజు కూడా అంతే. ఈసారి దిగను కూడా దిగలేదు.

"దుకాణం మూసి ఉంది" అని అనసూయతో చెప్పాను. "పండుగ కదా."

అనసూయ నా మొహం చూసింది. "ఊ" అన్నది.

పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకు అబద్ధం ఆడవద్దని చెబుతూ వచ్చినవాణ్ణి.

పండుగలో ఎనిమిది రోజులు గడిచాయి. సాయంత్రాలు వాడంతా పాట. మా తలుపు ఓరగా వేసి ఉండేది. తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పొద్దున్నుంచే గంపలతో పువ్వులు మా ఇల్లు దాటి పోయాయి. అనసూయ వంట ముగించి పళ్ళెం తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. పొయ్యిలో నిప్పు ఉంచింది. మా అమ్మ గడపకు అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా యాకమ్మ వచ్చింది. పట్టుచీర, తలనిండా పూలు. చెవులు మాత్రం బోసిగా ఉన్నాయి. వెనక ఇద్దరు కూతుళ్ళు, వాళ్ళ వెనక వాడలోని ఆడవాళ్ళు నలుగురైదుగురు వాకిలి బయటే ఆగారు.

"పెద్దమ్మా, జర జరుగు."

"ఎందుకే?"

"కమ్మలు పెట్టుకుంట."

"సావైన ఇంటి సొమ్ము పెట్టుకొని బతుకమ్మ ఆడ్తవా? ఆడపిల్లల తల్లివి."

"సావు గాని ఇల్లు చూపెట్టు పెద్దమ్మా, ఆడికే పోత." యాకమ్మ గొంతు తగ్గింది. "నా పెద్దపోరి, సరసు ఒక్కటే బెంచి మీద కూసున్నరు. సరసు లేంది నేను ఆడ అని పొద్దటి సంది మొండికేసింది. ఈ ఇంటి బతుకమ్మ రాకుంటే రాకపాయె. ఈ ఇంటి పూలన్న రానియ్యి."

అమ్మ యాకమ్మ పెద్దకూతురి వైపు కాసేపు చూసింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుని, చాపిన కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

యాకమ్మ గడప దాటింది.

తొమ్మిది జతలూ పది నిమిషాల్లో పోయాయి. యాకమ్మ ఒక్కతే రెండు జతలు పెట్టుకుంది, చెవి పై కుట్టుకు బంతి, కింద తంగేడు. యాకమ్మ పెద్దకూతురి చెవికి అనసూయే కొక్కెం పెట్టింది. "వార్నీష్ ఎయ్యలే. తడి తగలనియ్యకుండ్రి" అని అందరికీ చెప్పింది.

"మొగులు సూడు వదినె, ఎంత సాఫున్నదో. ఫికర్ చెయ్యకు" అన్నది యాకమ్మ.

వాళ్ళు అగడ్త వైపు పోయారు. పాట మొదలైంది. అనసూయ చూరు కింద నిలబడి వింటోంది. అరగంట కాలేదు, కోట బురుజు మీది నుంచి గాలి లేచింది. పాట ఆగలేదు. తొలి చినుకులు పెంకుల మీద పడ్డాయి. అనసూయ చేయి బయటికి చాపింది. చేతి మీద పడిన నీళ్ళను చూసి, ఆ చేతిని కొంగులో దాచుకుంది. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. చినుకులు వానయ్యాయి.

ఖాళీ తాంబాళాలు నెత్తిన బోర్లించుకుని ఆడవాళ్ళు మా ఇంటికే ఉరికొచ్చారు. దీపం ఎత్తి చూశాం. యాకమ్మ మెడ మీద పసుపు, నారింజ చారలు. చిన్నపిల్ల భుజం మీద గులాబి మరక. ఒకామె రెండు చెంపలూ ఆకుపచ్చ.

"సూడు వదినె!" యాకమ్మ మెడ ముందుకు చాపింది. "బంతి నీళ్ళు కారి తంగేడు మీద పడ్డయ్. ఇంటికి పోతే నా మొగడు ఎవలే నువ్వు అంటడు."

"అనడు. ఇంకో పెండ్లామొచ్చిందని సంబురపడ్తడు" అన్నారు ఎవరో.

అంతా నవ్వారు. యాకమ్మ కమ్మ తీసి అనసూయ చేతిలో పెట్టింది. బొమ్మ పోయి తెల్లబిళ్ళ మిగిలింది. తడికి అంచు ఉబ్బింది.

"బతుకమ్మను నీళ్ళల్ల సాగదోల్తిమి. దాని ఎంబడి నీ పూలు గూడ పోయినయ్. అంతే గద! మళ్ళ ఎన్నడిస్తవ్ చెప్పు. నాకు తంగేడే కావాలె, గా ముడుసుకున్న రెక్కతోటి."

అనసూయ ఆ తెల్లబిళ్ళను, యాకమ్మ మెడను మార్చి మార్చి చూసింది. ఆమె గొంతులో చిన్న శబ్దం వచ్చింది. దగ్గు అనుకున్నాను. నవ్వు అని తెలియడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

వాళ్ళు వెళ్ళాక ఆమె నేల తుడుస్తోంది. రంగు నీళ్ళు గుడ్డకు అంటుతున్నాయి.

"దుకాణం మూసి లేదు" అన్నాను. "నేనే పోలేదు. మలుపు దాకా పోయి తిరిగొచ్చాను. రెండుసార్లు."

ఆమె గుడ్డ పిండింది.

"ఎరుకే. మొన్న మీరు బడికి పోయినంక నేను గూడ పొయ్యొచ్చిన. మలుపు దాకనే."

నేను ఇంకో గుడ్డ తీసుకుని గడప దగ్గర తుడిచాను.

దసరా అయిన రెండో రోజు ఇద్దరం నడిచి పోయాం. మలుపు తిరిగాం. నేను దుకాణం బోర్డు మీది నుంచి చూపు తిప్పలేదు. అనసూయ ఆగి, దవాఖాన గేటును నేరుగా చూసింది. ఎవరో ముసలాయన మంచి నీళ్ళ చెంబుతో లోపలికి పోతున్నాడు. ఆయన లోపలికి పోయేదాకా చూసి దుకాణం మెట్లెక్కింది.

"వార్నీష్ చిన్న డబ్బానా, పెద్దదా?" అన్నాడు దుకాణదారు.

నేను చిన్నదనబోయాను.

"పెద్దది" అన్నది అనసూయ.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ రోలు ముందు కూర్చుని ఉంది. చింతగింజలు పెనం మీద వేయించి పొట్టు తీస్తోంది. మమ్మల్ని చూసి తల ఎత్తలేదు.

"ఒట్టిగ నానేస్తే పొట్టు ఊడదు. జర ఏంచాలె. గా మాత్రం ఎరుకలేదు, కమ్మలు చేస్తదట" అన్నది గింజలతో చెబుతున్నట్టు.

కార్తీకం వచ్చేసరికి నర్సయ్య అద్దాల బీరువాలో ఒక అర అనసూయది. ఇది జరిగి ఏడేళ్ళు. కోటలోని రాతి తోరణం మీది హంస, గోడ మీద తోక ఎత్తిన ఉడుత, యాకమ్మ కోడిపుంజు, అన్నీ ముందు పుస్తకంలోకి, తర్వాత ఆడవాళ్ళ చెవులకు వెళ్ళాయి. హనుమకొండ నుంచి, తొర్రూరు నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. ఫలానా సినిమాలో ఉన్నట్టు చేయమంటే చేయదు. నెమలిని మూడో ఏట తొర్రూరు బాట పక్క చేనులో చూసింది. బస్సు ఆపించి దిగింది. ఆ వారమే వేసింది. నర్సయ్య మొదటి జత తన భార్యకే తీసుకున్నాడు.

ఆ పుస్తకం ఎప్పుడో నిండిపోయింది. ఇప్పుడు వాడుతున్నది ఆరోది. పోయిన దసరా సెలవుల్లో అనసూయ పాతదాన్ని గూట్లోంచి తీసి మొదటి పేజీ తెరిచింది. పన్నెండు రోజులు కూర్చుంది. ఇంజన్ చేసింది. పొగగొట్టం, ముందు దీపం, పక్కన డ్రైవరు చేయి కూడా ఉన్నాయి. రెండు పూతల వార్నీష్ వేసి, సరస్వతి కుడి చెవి కమ్మ ఉన్న డబ్బీలో పెట్టింది.

గార్డు డబ్బా ఇంకా చేయలేదు.